పాప పేరున్న ఫ్లాపీ

మా ఇంటికి కంప్యూటరు తెచ్చింది మా బావ, అంటే అక్క భర్త. సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసేవాడు. తొంభైల చివర్లో ఒక వేసవి మధ్యాహ్నం గోపాలపట్నంలో మా ఇంటి ముందు ఆటో ఆగింది. వెనక సీట్లో మానిటరుని ఒళ్లో పెట్టుకుని బావ కూర్చున్నాడు. కాళ్ల దగ్గర మిగతా సామాను ఉంది. ఆటోనగర్‌లో ఏదో వర్క్‌షాపువాళ్లు కొత్తది కొనుక్కుని పాతది తీసేస్తుంటే తెచ్చానన్నాడు. తెల్లగా ఉండాల్సిన డబ్బా పసుప్పచ్చగా తిరిగిపోయింది. కీబోర్డుని బోర్లించి దులిపితే సన్నటి ఇనప రజను రాలింది.

అక్కకి అప్పుడు ఏడో నెల. పురుటికని మా ఇంటికి వచ్చి ఉంది. బావ ఇంకో వారంలో ఓడ ఎక్కాలి. కంప్యూటరు ఎక్కడ పెట్టాలా అని అందరం చూస్తుంటే, అమ్మ తన కుట్టుమిషను కిటికీ దగ్గర్నుంచి జరిపి చోటిచ్చింది.

"నాను వచ్చీదాకా ఇది ఇక్కడే ఉంటాది. రోజూ కాసేపు ఆన్ చెయ్యండి. ఊరికే ఉంచీసేరంటే ఉప్పుగాలికి పాడైపోద్ది" అని బావ దాన్ని నాకు అప్పజెప్పాడు. నేను డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ద్వారకానగర్‌లో కంప్యూటరు క్లాసులకి వెళ్లేదాన్ని. ఇంట్లో దాని సంగతి కాస్తో కూస్తో తెలిసింది నాకే.

బావ కంచరపాలెంలో పుట్టి పెరిగినవాడు. మాది కోనసీమ. నాన్నకి పోర్టులో క్రేన్లు బాగుచేసే ఉద్యోగం వచ్చి, నేను పుట్టకముందే మావాళ్లు విశాఖపట్నం చేరారు. ఇన్నేళ్లయినా మా మామ్మకి, అంటే నాన్న తల్లికి, ఇక్కడి మాట అలవాటు కాలేదు. మనవరాలి మొగుడు "సేపలు" అన్నప్పుడల్లా పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. బావ కూడా ఆవిడ నవ్వు కోసమే నాలుగుసార్లు ఎక్కువ అనేవాడు.

ఆ కంప్యూటరు లోపలి డిస్కు సగం చెడిపోయి ఉండేది. అందులో ఏం దాచినా మర్నాటికి ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని ఏం రాసుకున్నా ఫ్లాపీలోకి ఎక్కించుకోవడమే. అరచేతిలో పట్టే చదరపు ప్లాస్టిక్ బిళ్ల అది. పైన జరిగే చిన్న రేకు, లోపల గోధుమరంగులో గుండ్రటి పల్చటి పొర. మనం దాచుకున్నదంతా ఆ పొర మీద కంటికి కనపడని అయస్కాంతపు గుర్తులుగా ఉంటుంది.

ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ, నాకు ఆ ఫ్లాపీలంటే ప్రాణం. డ్రైవులో పెట్టి నెడితే టక్కుమని కూర్చునేది. ఆకుపచ్చ దీపం వెలిగేది. ఆ తర్వాత లోపల్నుంచి గరగర. ఆ గరగరని బట్టి లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగేదాన్ని. వరసగా సాగిపోతుంటే అంతా క్షేమం. ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ అదేచోట గీకుతోందంటే ఏదో చెడినట్టు. చదవలేకపోతున్నాను, మళ్లీ చూడమంటావా, మానేయమంటావా అని తెర మీద అడిగేది. మానేయమని నేను ఎప్పుడూ చెప్పలేదు. క్లాసులో చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి గుళ్లోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం. ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాపీకి వైరస్ లేదని తేలితే గానీ లోపలికి రానిచ్చేవారు కాదు. దాని మీద అంటించిన కాగితం మీద పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్లీ రాసి, కాగితం చిరిగిపోయేది.

మా ఊరి గాలికి తోలు చెప్పులకీ, ఫొటో ఆల్బాలకీ పట్టినట్టే ఫ్లాపీలకీ బూజు పట్టేది. అమ్మ వడియాల డబ్బా ఖాళీ చేసి, అడుగున గుడ్డమూటలో బియ్యం పోసి, వాటిని అందులో పెట్టించింది. బియ్యం తడి లాగేస్తుందని ఆవిడ నమ్మకం. నాన్నకి ఇంకో భయం. పోర్టులో తుక్కు ఇనుము ఎత్తే క్రేనుకి గొలుసు చివర పెద్ద అయస్కాంతం వేలాడుతుంది. నాన్న పని దాని చుట్టూనే. ఫ్లాపీలోది అయస్కాంతానికి చెరిగిపోతుందని నేను చెప్పినప్పటి నుంచి, డ్యూటీ దిగి వచ్చి స్నానం చేస్తే గానీ ఆ డబ్బా ఛాయలకి వచ్చేవాడు కాదు.

"ఒంటికేం అంటుకురాదు నాన్నా" అనేదాన్ని.

"నీకేం తెలుసే. దాని పక్కన నిలబడితే నా వాచీయే ఆగిపోయింది" అనేవాడు.

బావ ఓడ ఎక్కాడు. వానలు పట్టుకున్నాక పాప పుట్టింది. ఓడ కంపెనీ ఆఫీసుకి చెప్పి కబురు పంపించాం. కొన్నాళ్లకి ఎదురింటి మాస్టారి ఇంటికి ఫోనొచ్చింది. వీధిలో ఫోనున్న ఇల్లు అదొక్కటే. మాస్టారు స్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవారు. పురిటి మనిషి గడప దాటకూడదని మామ్మ అక్కని ఆపేస్తే, నేను పరిగెత్తాను.

"పాప ఎలగుంది? ఎవరి పోలిక?" అన్నాడు బావ. ఎక్కడో పరాయి రేవులో బూత్ నుంచి మాట్లాడుతున్నాడు. మాటకీ మాటకీ మధ్య హోరు.

"మీ ముక్కే. ఒకటే ఏడుపు."

"ఆ ఏడుపే వినాలనుంది మరదలా. నా టేపురికార్డరు పాడైపోనాది. ఓడలో కంప్యూటరుంది, ఫ్లాపీ పెట్టొచ్చు. అందులో ఎక్కించి పంపలేవేటి? మనూరి కుర్రోడొకడు డ్యూటీకి ఇక్కడికే వత్తన్నాడు, ఆడిచేత పంపు." కాసేపు హోరే వినబడింది. "ఇంకోటి. నాను సెప్పీదాకా పేరు పెట్టకండి. ఆలోచిత్తన్నాను. నా గొంతుతోనే సెప్పి పంపిత్తాను."

లైను తెగిపోయింది.

మాస్టారు పక్కనే ఉండి అంతా విన్నారు. గొంతు ఎక్కించాలంటే కంప్యూటరులో సౌండు కార్డు ఉండాలి, మా దాంట్లో అది లేదు. ఆయన దగ్గర ఉంది. పాటలకి బాణీలు కట్టి దాచుకోవడం కోసం కొనుక్కున్నారు. పాపని వాళ్లింటికి తెస్తామంటే మామ్మ ఒప్పుకోదు. మర్నాడు ఆయనే తన కంప్యూటరు విప్పి, ఆ కార్డు తీసి, చేతిరుమాల్లో చుట్టి మా ఇంటికి పట్టుకొచ్చారు.

"మరి మీ పాటలో మాస్టారూ" అన్నాను.

"నా పాటలకేటమ్మా. పాప ఏడుపు రెండ్రోజులు పోతే మారిపోద్ది" అన్నారు, స్క్రూలు విప్పుతూ.

ఫోనులో వినబడే గొంతుపాటి చాలనుకుంటే ఒక ఫ్లాపీలో మూడు నిమిషాలు పడుతుందని లెక్క తేల్చారు. మూడు నిమిషాలంటే చాలా తక్కువనిపించింది నాకు. ఎవరెంతసేపు మాట్లాడాలో వంతులు వేశాం. ముందు పాప, తర్వాత అక్క, తర్వాత మామ్మ. అమ్మా నాన్నా మాకు వద్దన్నారు. మైకుని పాత చీర ముక్కతో ఉయ్యాల తాడుకి కట్టాం.

మీట నొక్కాను. పుట్టిన దగ్గర్నుంచి ఇల్లు పైకప్పు ఎగరగొడుతున్న పిల్ల నోరు మెదపలేదు. మైకు కేసి చూస్తూ పడుకుంది. అమ్మ పాప అరికాలు మీద వేలితో తట్టింది. పాప ఆవులించింది. మామ్మ చిటికెలేసింది. ఒక ఎక్కిళ్ల వరస మాత్రం వచ్చింది.

"నువ్వు మాట్లాడవే" అని అక్క ముందుకి జరిపాను మైకుని. పొద్దుట్నుంచి ఏం చెప్పాలో తలంటు పోసుకుంటూ కూడా తనలో తను గొణుక్కున్న మనిషి, మైకు చూసేసరికి బిగుసుకుపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. చాలాసేపటికి "ఏవండీ... అన్నం తింటున్నారా" అంది. అంతే.

మామ్మ అందుకుంది. "నాయనా, నేను మామ్మని. బిడ్డ పచ్చగా, బంగారుబొమ్మలా ఉంది. నువ్వేం బెంగపెట్టుకోకు. డెక్కు చివరికెళ్లి నిలబడకు. ఆ నీళ్లల్లోకి తొంగిచూడకు..." అని ఇంకా ఏవో జాగ్రత్తలు చెబుతూ ఉండగా, గేటు దగ్గర కేక వినబడింది.

"సేపలమ్మా, సేపలూ. సందువాలూ, వంజరాలూ."

జాలరిపేట నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని, బస్సెక్కి మా వైపు వచ్చి అమ్మే ఆవిడ. తలుపు తీసి ఉందని తిన్నగా లోపలికే వచ్చేసింది. నేను సైగ చేస్తున్నా ఆవిడకి అర్థం కాలేదు. బుట్ట దించి, మైకు దగ్గరగా మొహం పెట్టి, "ఇదేటిది? ఏటి సేత్తన్నారందరూ?" అంది.

"మా అల్లుడుగారికి గొంతులు పంపుతున్నాం" అని అమ్మ మెల్లిగా చెప్పింది.

"అలాగేటి. బాబూ, ఇదిగో సందువాలు తెచ్చినాను. మీ అత్త కూర వండుతాది, బేగొచ్చీ" అంది ఆవిడ మైకులోకి, చుట్టం ఇంటికి వచ్చి పలకరించినంత సహజంగా. సరిగ్గా అప్పుడు పాప గుక్కపట్టింది. మైకుని గబుక్కున మళ్లీ ఉయ్యాల వైపు తిప్పాను. ఏడుపు మధ్యలో చోటు నిండిపోయి రికార్డు ఆగిపోయింది.

నేను చెరిపేసి మళ్లీ మొదలుపెడదామన్నాను. చేపలావిడ గొంతే అన్నిటికన్నా గట్టిగా ఉంది. మాస్టారు ఒకసారి మొత్తం వినిపించారు. విని, "వద్దమ్మా, ఇలగే పంపండి. మీ ఇల్లు ఇలగే ఉంటాది కదా" అన్నారు. అక్క కూడా అలాగే ఉంచమంది. ఓడలో చేరబోయే కుర్రాడికి ఆవకాయ సీసా, ఫ్లాపీ కలిపి ఇచ్చి వచ్చాడు నాన్న. సెలవు పెట్టి మరీ వెళ్లాడు. డ్యూటీకి పోతూ దారిలో ఇవ్వమంటే ఆ క్రేను ఉన్న వైపు దాన్ని తీసుకెళ్లనన్నాడు.

ఆ తర్వాత చాలాకాలం బావ నుంచి ఏమీ రాలేదు. రేవులో చోటు లేక ఓడ బయట లంగరు వేసి ఉందని కంపెనీవాళ్లు చెప్పారు. ఉత్తరాలు రాయడం బావకి మొదట్నుంచీ చేతకాని పని. బారసాలకి ఇరవయ్యొకటో రోజు దాటిపోయింది. మూడో నెలా దాటింది. మామ్మ రుసరుసలాడేది.

"పేరు లేకుండా పిల్లనెన్నాళ్లు పిలుస్తారే? బుజ్జీ బుజ్జీ అని కుక్కపిల్లని పిలిచినట్టు."

"ఆయన చెప్పి పంపుతానన్నారు మామ్మా" అనేది అక్క. అంతకన్నా వాదించేది కాదు. తన మాట నెగ్గించుకోవడానికి అదొక్కటే చాలేది.

చలి మొదలయ్యాక ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. బావ ఓడలోనే పనిచేసి, ఒప్పందం అయిపోయి దిగిపోయినవాడు. ముందు శ్రీకాకుళం వైపు వాళ్ల ఊరు వెళ్లి, అక్కడ జ్వరం పడి, ఇన్నాళ్లకి రాగలిగాడట. చేతిలో సబ్బులు, పాపకి గౌను, అడుగున పాలిథిన్ సంచీలో ఒక ఫ్లాపీ.

"వానకి బేగు తడిసిపోనాదండి. ఇది మాత్రం తుడిచి పెట్టీసినాను" అన్నాడు.

నేను రేకు జరిపి చూశాను. గోధుమరంగు పొర మీద తెల్లటి చుక్కలు, ఉప్పు చల్లినట్టు. అక్క పాపని చంకనేసుకుని నా మొహమే చూస్తోంది. డ్రైవులో పెట్టాను. గరగర, ఆగడం, మళ్లీ గరగర. తెర మీద అదే ప్రశ్న. మళ్లీ చూడమన్నాను. ఎన్నిసార్లు నొక్కినా అదే. ఆ మధ్యాహ్నమంతా కుట్టుమిషను మీద తల ఆనించుకుని అక్క ఆ గరగర వింటూ కూర్చుంది.

సాయంత్రం మాస్టారు వచ్చి చూశారు. పై బిళ్ల కూడా వంగిపోయి, లోపలి పొర సరిగా తిరగడం లేదన్నారు. ఒక కొత్త ఫ్లాపీ అంచులు చీల్చి తెరిచి, దాని పొర తీసేసి, దాంట్లో ఈ పొర పెడితే తిరగొచ్చు. బూజు ముందు స్పిరిటుతో తుడవాలి. వేలు తగలకూడదు, గీత పడకూడదు. పడితే ఆ చోట ఉన్నది పోయినట్టే. పాత సరంజామాతో తను ఒకసారి చేశాననీ, ఒకసారి చెడగొట్టాననీ కూడా చెప్పారు.

బ్లేడు నా చేతికిచ్చారు. నేను దాన్ని బల్ల మీద పెట్టేశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని తను తీసుకోబోయారు.

"నాకివ్వండి" అంది అక్క.

పాపని అమ్మకిచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది. జాకెట్లకి కాజాలు కుట్టే చెయ్యి తనది. కిటికీ వెలుతురులో బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి కూర్చుంది. కొత్త ఫ్లాపీ అంచు పొడవునా బ్లేడు పోనిచ్చి, పూరీ పొర విప్పినంత నెమ్మదిగా రెండు చేసింది. పాతదీ అలాగే. నడుమ ఉన్న ఇనప బిళ్లని మాత్రమే పట్టుకుని బావ పంపిన పొరని పైకి తీసింది. దూదిని స్పిరిటులో ముంచి, పిండి, లోపల్నుంచి బయటికి తుడుస్తూ వెళ్లింది. దూది మీద గోధుమరంగు మరక దిగింది. అది చూసి నేను కంగారుపడ్డాను. తను ఆగలేదు. నాన్న గుమ్మం బయటే నిలబడ్డాడు. వాచీ కూడా తీసేశాడు.

కొత్త చిప్పలో పొర పెట్టి, అంచులకి సన్నటి టేపు అంటించి మాస్టారి చేతికిచ్చింది. ఆయన దగ్గర పాడైన డిస్కుల్లోంచి చదవగలిగినంత చదివి, చదవలేనిచోట ఖాళీ వదిలి ముందుకి పోయే ప్రోగ్రాం ఉంది. ఆయన ఇంట్లో దాన్ని పెట్టి, మేమందరం చుట్టూ నిలబడ్డాం. వాళ్లావిడ టీలు ఇచ్చింది. ఎవరూ తాగలేదు. మొదటి సగం చకచకా సాగింది. తర్వాత మొండికేసింది. గీకి, గీకి, ఒక్కో గడీ దాటుకుంటూ చివరికి చేరింది.

మాస్టారు స్పీకర్లు పెట్టి వినిపించారు. ముందు ఇంజను హోరు. గది నేల కిందనుంచి వస్తున్నట్టుండే లోతైన హోరు. ఆ పైన బావ గొంతు.

"ఏటే, ఎలగున్నావు? తింటన్నాను. నువ్వు తింటన్నావా? మీ ఫ్లాపీ వచ్చింది. నా పక్కోడు, మా కుక్కు, ఇంకో ఇద్దరు మనోళ్లు, అందరం కూకొని విన్నాం. పాప ఎక్కిళ్లు విన్నాను. ఆ సేపలావిడ 'బేగొచ్చీ' అంది సూడు, మా కుక్కు కళ్లు తుడుచుకున్నాడు. ఆడిది బీమిలి. మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అని ఒకటే గోల. మామ్మకి సెప్పండి, డెక్కు సివరికి ఎల్లట్లేదని." మామ్మ ఇక్కడ కళ్లు ఒత్తుకుంది. "పాపకి పేరు సానా ఆలోచించినాను. నాను అనుకున్న పేరేటంటే, స..."

టప్పుమని చప్పుడు. నిశ్శబ్దం. టప్పు, టప్పు. చాలాసేపు ఏమీ లేదు. చివర్లో హోరు మళ్లీ తేలి, బావ గొంతు వచ్చింది. "...నచ్చకపోతే మార్చీండి. మరి ఉంటాను."

మాస్టారు ఇంకోసారి వినిపించారు. ఆ 'స' దగ్గరే మళ్లీ ఆగింది.

ఇంటికి వచ్చాక చర్చ మొదలైంది. 'స'తో మొదలయ్యే పేరు అని మామ్మ తేల్చేసింది. నాన్న ఒప్పుకోలేదు.

"నీ మనవరాలి మొగుడు చేపల్ని సేపలంటాడు. అది 'స'యో 'చ'యో ఎలా చెబుతాం?"

"పిల్ల పేరు దగ్గర కూడా అలా పలుకుతాడేంట్రా?"

"చివరికి వెళ్లట్లేదు అనడానికి సివరికి అన్నాడు కదమ్మా, ఇప్పుడే విన్నావు."

రెండక్షరాలకీ పేర్లు ఏరాం. అమ్మ చెప్పింది మామ్మకి నచ్చలేదు, మామ్మ చెప్పింది నాకు నచ్చలేదు. అక్క మాత్రం మాతో కలవలేదు. మాస్టారు ఆ దొరికిన కాస్తనీ కొత్త ఫ్లాపీలోకి ఎక్కించి, సౌండు కార్డు మళ్లీ మా కంప్యూటరుకి బిగించి ఇస్తే, అదే మళ్లీ మళ్లీ పెట్టుకుని వినేది. విచిత్రంగా, ఆ ఇంజను హోరు వినబడితే పాప నిద్రపోయేది. ఎంత ఏడుస్తున్నా సరే. పనిలో ఉన్నప్పుడు అమ్మ కూడా "ఆ ఓడ పెట్టవే" అని నన్ను కేకేసేది. ఎండాకాలం దాకా ఆ ఇంట్లో మధ్యాహ్నాలు ఆ హోరుతోనే గడిచాయి.

ఐదో నెలలో బారసాల చేశాం. ముందు రోజు అక్క అమ్మతో చెప్పింది, "ఆయన అన్నది దొరకదమ్మా. నచ్చకపోతే మార్చమన్నారు కదా. నేనే పెడతాను" అని. 'స'తో మొదలయ్యే పేరే పెట్టింది. బియ్యంలో తనే రాసింది. అంతవరకు ఎవరికీ చెప్పలేదు. మామ్మ ఆ పేరుని రెండుసార్లు పలికి చూసి, సరేనన్నట్టు తలూపింది. మాస్టారు వచ్చి, పాపకి దీవెనలు చెప్పి, పాయసం తిని వెళ్లారు.

ఆ తర్వాత ఎప్పుడో బావ ఫోను చేశాడు. ఈసారి అక్కే వెళ్లింది. పేరు చెప్పిందట. బాగుందన్నాడట. మీరేమనుకున్నారు అని అడిగితే, "ఇంటికొచ్చి సెబుతాన్లే" అన్నాడట. ఇంతకీ చెప్పనేలేదని అక్క అలిగి వచ్చింది.

పాప గోడ పట్టుకుని నడిచే రోజుల్లో బావ దిగాడు. ఆ గొంతు పాప గుర్తుపడుతుందని అక్క ఎంతగానో ఆశపడింది. అన్ని నెలలు విన్న గొంతు కదా అని. బావ గుమ్మంలో నిలబడి మెత్తగా పలకరించాడు. పాప ఒక్కసారి చూసి, బెదిరి, మా నాన్న కాళ్ల వెనక దాక్కుని ఏడుపు లంకించుకుంది. ఎత్తుకోబోతే ఇంకా ఎక్కువైంది. ఆ రోజంతా దగ్గరికి రాలేదు. బావ నవ్వుతూనే ఉన్నాడు గానీ, భోజనం దగ్గర ఎవరి మొహంలోకీ చూడలేదు. రెండ్రోజులు పోయాక, బొమ్మ ఓడకి తాడు కట్టి వరండాలో లాగుతుంటే, పాప తనంతట తను వెళ్లి ఆ తాడు లాక్కుంది. సాయంత్రానికి భుజమెక్కింది.

అప్పుడు అడిగింది అక్క, ఆ పేరేమిటని. బావ చెప్పాడు. 'చ'తోనే మొదలయ్యే పేరు. నాన్న గెలిచినట్టు మామ్మ కేసి చూశాడు. "మరైతే సరిగ్గా పలికి చావొచ్చు కదా నాయనా" అంది మామ్మ. బావ ఆవిడ కోసం ఇంకోసారి తప్పుగానే పలికాడు.

అక్క ఆ పేరు వదులుకోలేదు. బడిలో రాయించింది తను పెట్టింది, ఇంట్లో పిలిచేది బావ పెట్టింది. మామ్మ, ఉన్నన్నాళ్లూ, బావ పలికినట్టే 'స'తో పిలిచింది. ఆవిడని చూసి వీధివాళ్లకీ అదే అలవాటైంది. అలా మా అక్క కూతురికి మూడు పేర్లు కుదిరాయి. ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతుంది.

ఫ్లాపీలో బావ మాటల మధ్య ఆ ఖాళీలో పోయింది పేరు ఒక్కటే కాదని నాకు తర్వాత తెలిసింది. పేరు చెప్పడానికి క్షణం చాలు, కానీ ఆ నిశ్శబ్దం చాలాసేపు ఉంది. ఓసారి బావని అడిగాను. "అది మీ అక్కకి సెప్పీసేన్లే" అన్నాడు. అక్కని అడిగితే, "పప్పు మాడుతోంది చూడు" అంది.

రెండువేల తర్వాత ఇళ్లల్లోకి సీడీలు వచ్చాయి. ఫ్లాపీలు వందలకొద్దీ ఒక్కదాంట్లో పట్టేవి. నాకు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, స్టీల్‌ప్లాంటు వైపు వెళ్లిపోయాను. మాస్టారు రిటైరయ్యారు. బావ సముద్రం మానేసి ఒడ్డున ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు అక్క కొత్త కంప్యూటరు కొనడానికి నన్ను తోడు రమ్మంది. షాపతను చూపించిన దాని ముందు వైపు ఫ్లాపీ పెట్టే సందు లేదు, అక్కడ నున్నటి ప్లాస్టిక్ రేకు ఉంది. అక్క వేలితో ఆ చోటు తడిమి చూసింది.

"ఫ్లాపీది పెట్టివ్వండి" అంది.

"ఇప్పుడు ఎవులు వాడతన్నారు మేడమ్? అన్నీ సీడీలే, పెన్‌డ్రైవులే" అన్నాడతను. "పాత డేటా ఏటైనా ఉంటే ఇవ్వండి, సీడీలోకి ఎక్కించీసిస్తాను."

"ఎక్కించేశాం. అది ఉంది" అంది అక్క. "అయినా ఇదీ ఉండాలి."

అతను లోపలికి వెళ్లి, ఎక్కడో అడుగున వెతికి, దుమ్ము కొట్టుకున్న డ్రైవు ఒకటి తెచ్చాడు. ఆ ప్లాస్టిక్ రేకు ఊడదీసి బిగించాడు. చెక్ చెయ్యడానికి ఫ్లాపీ ఏదైనా ఉందా మేడమ్ అని అడిగాడు. అక్క, బావ పంపిన ఫ్లాపీ ఉన్న హ్యాండ్‌బ్యాగు తెరవబోయి ఆగింది. "మీది ఏదైనా ఖాళీది పెట్టి చూడండి" అంది.

అతను పెట్టాడు. టక్కుమని కూర్చుంది. దీపం వెలిగింది. గరగర మొదలయ్యేసరికి, షాపులో ఉన్న మేమిద్దరం మాట్లాడటం ఆపి, అది వరసగా సాగుతోందా లేదా అని వింటూ నిలబడ్డాం.